సీసం, కాడ్మియం చేరిన పెరటి మట్టిలో పుట్టగొడుగుల మడి: ఎలా వేయాలి, ఫలితం ఎలా సరిచూసుకోవాలి

పుట్టగొడుగులు పెంచితే మట్టిలోని భార లోహాలు పోతాయా అని చాలామంది పాఠకులు పదే పదే అడుగుతున్నారు. కాటేదాన్, పటాన్‌చెరు వంటి పారిశ్రామికవాడల పక్కన స్థలం ఉన్నవారు, మూసీ నీరు పారిన పొలాల్లో ఆకుకూరలు వేసేవారు, ఒకప్పుడు పాత బ్యాటరీలు విప్పిన షెడ్డును కొని ఇల్లు కట్టుకున్నవారు ఈ ప్రశ్న అడిగేవారిలో ఎక్కువ. సూటిగా చెప్పాలంటే, పుట్టగొడుగులు కాడ్మియాన్ని, పాదరసాన్ని కొంతమేర పైకి లాగుతాయి, సీసాన్ని దాదాపుగా లాగవు. కానీ అవి పెరిగిన గడ్డి సీసాన్ని, కాడ్మియాన్ని మొక్కలకు అందకుండా కొంతకాలం పట్టి ఉంచగలదు. మొదటిదాన్ని లాగే పద్ధతి అని, రెండోదాన్ని కట్టిపడేసే పద్ధతి అని పిలుద్దాం. ఈ రెండింటిలో మీకు ఏది అవసరమో ముందే తేల్చుకుని పని మొదలుపెట్టాలి.

పుట్టగొడుగులు ఏ కాలుష్యాన్నైనా మాయం చేస్తాయన్న అపోహ ఎక్కడ పుట్టిందో ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళ్దాం. 1990ల చివర్లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పాల్ స్టామెట్స్ బృందం డీజిల్‌తో తడిసిన మట్టి మీద ముత్యపు చిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగులను పెంచి చూపించింది. కట్టెను గట్టిగా ఉంచే పదార్థమైన లిగ్నిన్‌ను విడగొట్టే ఎంజైములే నూనె అణువులనూ విడగొడతాయి కనుక అక్కడ కాలుష్యం నిజంగానే తగ్గింది. సీసం అలా విడిపోయేది కాదు. అది మూలకం. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయినా, అంతకుముందు రోడ్ల పక్కన రాలిన సీసం ఇప్పటికీ అక్కడే ఉంది. శిలీంధ్రం దాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చగలదు, లేదా ఒకచోట కట్టిపడేయగలదు. అంతకుమించి ఏమీ చేయలేదు.

ఇక్కడ చెప్పే పద్ధతి పెరడు, చిన్న కూరగాయల మడి వంటి కొద్దిపాటి స్థలాలకు మాత్రమే పనికొస్తుంది. ఎకరాల పొలానికి, కర్మాగార వ్యర్థాలు గుట్టలుగా పోసిన చోటుకు, తమిళనాడులోని రాణిపేటలో ఉన్నటువంటి క్రోమియం వ్యర్థాల నేలకు ఇది వర్తించదు.

కావలసినవి

ఒక చదరపు మీటరు మడికి 10 కిలోల ఎండు వరిగడ్డి, కిలో నుంచి కిలోన్నర పుట్టగొడుగు విత్తనం (స్పాన్), మడి పరిమాణానికి సరిపడా నైలాన్ వల, నీడ కోసం షేడ్‌నెట్, నీరు పట్టని ప్లాస్టిక్ టార్పాలిన్ ఒకటి సిద్ధం చేసుకోవాలి. మట్టి తీయడానికి రంగు పూయని స్టెయిన్‌లెస్ స్టీలు తాపీ గాని చెక్క గరిటె గాని, పోయడానికి ప్లాస్టిక్ బకెట్ వాడాలి. జింకు పూత వేసిన ఇనుప బకెట్ వాడితే ఆ పూతే నమూనాలోకి చేరుతుంది. రబ్బరు చేతొడుగులు, ఎన్‌95 మాస్కు, ఆ పనికే కేటాయించిన చెప్పులు, బట్టలు, మూత బిగిసే ప్లాస్టిక్ డ్రమ్ము, 10 గ్రాముల తేడా చూపే తూకం యంత్రం, పీహెచ్ చూసే కాగితాలు గాని మీటరు గాని కావాలి. వీటన్నిటికంటే ఎక్కువ ఖర్చయ్యేవి ప్రయోగశాల పరీక్షలే. ఆ డబ్బు లేకపోతే మడి మొదలుపెట్టకండి. పరీక్ష లేకుండా వేసిన మడి కాలుష్యాన్ని తగ్గించిందో, పెరడంతా చల్లిందో తెలుసుకునే దారి ఉండదు.

దశలు

1. స్థలం చరిత్రను విచారించండి. అంతకుముందు అక్కడ ఏమి జరిగిందో ఇరుగుపొరుగును అడిగితే ఏ లోహం కోసం వెతకాలో సగం తెలుస్తుంది. బ్యాటరీలు విప్పిన చోట సీసం, ఎలక్ట్రోప్లేటింగ్ జరిగిన చోట క్రోమియం, నికెల్, కాడ్మియం, తోళ్ల శుద్ధి జరిగిన చోట క్రోమియం ఉండే అవకాశం ఎక్కువ. పాత ఇంటి గోడల నుంచి, తలుపుల నుంచి గీకి రాల్చిన రంగులో సీసం ఉంటుంది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎంకు (కిలోకు 90 మిల్లీగ్రాములకు) మించరాదన్న నిబంధన 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. ఏళ్ల తరబడి ఫాస్ఫేటు ఎరువులు కుమ్మరించిన మడుల్లో కాడ్మియం కొద్దికొద్దిగా పేరుకుంటుంది.

2. నమూనా తీయండి. స్థలమంతటా వంకరటింకర గీతలో నడుస్తూ ఎనిమిది నుంచి పది చోట్ల పైచెత్త తొలగించి, 15 సెంటీమీటర్ల లోతు వరకు ఒకే మందంలో మట్టి తీయాలి. గోడ అంచును, చూరు నీళ్లు పడే చోటును మిగతా మట్టితో కలపకుండా వేరే నమూనాగా తీయండి. రంగు పెళ్లలు రాలేది అక్కడే కనుక పెరటి మధ్యలో లేని సీసం అక్కడ ఉండవచ్చు. తీసిన మట్టిని ప్లాస్టిక్ పట్టా మీద పోసి, గడ్డలు చిదిపి, రాళ్లు ఏరి, బాగా కలిపి గుండ్రంగా పరచండి. దాన్ని నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు రెండు తీసేసి, మిగిలిన రెంటిని మళ్లీ కలపండి. అరకిలో మిగిలేదాకా ఇలాగే చేసి నీడలో ఆరబెట్టండి.

ఆ అరకిలోను రెండు సంచుల్లో పోసి, రెండు వేర్వేరు నమూనాలన్నట్టు వేర్వేరు అంకెలు రాసి పంపమని నా సలహా. ఒకే మట్టికి ప్రయోగశాల ఒకసారి 210, మరోసారి 260 అని రాసిందనుకోండి, మున్ముందు మీకు కనిపించే 50 తేడాకు అర్థం లేదని అప్పుడే తెలిసిపోతుంది. ఈ చిన్న ఏర్పాటు చేసుకోనివారే తరువాత 15 శాతం తగ్గిందని సంబరపడతారు.

3. సరైన పరీక్ష అడగండి. ప్రభుత్వ భూసార పరీక్ష కార్డులో పన్నెండు అంశాలు ఉంటాయి, కానీ వాటిలో సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం లేవు. ఆ కార్డు బాగుందంటే మట్టి శుభ్రంగా ఉన్నట్టు కాదు. భార లోహాల పరీక్షకు ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలల నాణ్యతను ధ్రువీకరించే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు వెళ్లి రెండు రకాల విలువలు అడగాలి. మొదటిది ఆమ్లంలో మట్టిని కరిగించి చూసే మొత్తం లోహం. రెండోది డీటీపీఏ ద్రావణంలోకి వచ్చే లోహం, అంటే మొక్క వేళ్లకు దాదాపుగా అందుబాటులో ఉండే భాగం. లోహాన్ని కట్టిపడేసే పద్ధతిలో మొత్తం విలువ మారదు, మారవలసింది ఈ రెండోదే. పీహెచ్, సేంద్రియ కర్బనం కూడా అడగండి. నివేదికలో 'బీడీఎల్' (గుర్తించగల పరిమితి కంటే తక్కువ) అని ఉంటే, ఆ యంత్రం గుర్తించగల కనిష్ఠ పరిమితి ఎంతో రాయించుకోండి. కాడ్మియానికి ఆ పరిమితి కిలోకు 5 మిల్లీగ్రాములైతే ఆ 'బీడీఎల్' మీకు ఏమీ చెప్పనట్టే.

4. అంకెలు చూసి నిర్ణయించుకోండి. కాలుష్యం సోకని మట్టిలో సాధారణంగా కిలోకు సీసం 10 నుంచి 50 మిల్లీగ్రాములు, కాడ్మియం ఒక మిల్లీగ్రాము కంటే తక్కువ ఉంటాయి. మురుగు బురదను పొలాలకు వాడే విషయంలో యూరప్ 1986లో ఇచ్చిన ఆదేశం మట్టిలో సీసానికి 50 నుంచి 300, కాడ్మియానికి 1 నుంచి 3 మిల్లీగ్రాముల మధ్య పరిమితులు పెట్టింది. అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్ల దగ్గరి మట్టిలో సీసానికి అంతవరకు ఉన్న 400 హెచ్చరిక స్థాయిని 2024 జనవరిలో 200కు తగ్గించింది. వీటిని దృష్టిలో పెట్టుకుని నేను పాటించే హద్దులు ఇవి: సీసం 100 లోపు, కాడ్మియం 1 లోపు ఉంటే పుట్టగొడుగులతో పనిలేదు, పశువుల ఎరువు వేసి పంటలు మార్చుకుంటే చాలు. సీసం 100 నుంచి 400 మధ్య, కాడ్మియం 1 నుంచి 5 మధ్య ఉంటే ఈ మడి ప్రయత్నించదగినది. అంతకు మించితే, ముఖ్యంగా ఇంట్లో చిన్నపిల్లలుంటే, మట్టిని తవ్వకుండా కప్పేసి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి తెలియజేయండి.

ఆర్సెనిక్ గాని, ఆరు వేలెన్సీ క్రోమియం (క్రోమియంలో ఎక్కువ విషపూరితమైన రూపం) గాని ఎక్కువగా బయటపడితే ఈ వ్యాసాన్ని పక్కన పెట్టండి. సీసానికి మేలు చేసే సున్నం, ఫాస్ఫేటు ఆర్సెనిక్‌ను నీటిలోకి వదిలిపెడతాయి. నీరు నిలిచిన మట్టిలో అది మరింతగా కదులుతుంది.

5. లెక్క వేయండి. ఈ దశను దాటవేసేవారే ఎక్కువ కనుక కాస్త వివరంగా చెబుతాను. ఒక చదరపు మీటరు స్థలంలో 15 సెంటీమీటర్ల లోతు మట్టి సుమారు 200 కిలోలు తూగుతుంది. అందులో కిలోకు 300 మిల్లీగ్రాముల సీసం ఉంటే మొత్తం 60 గ్రాములు. 10 కిలోల గడ్డి మీద 6 కిలోల పచ్చి పుట్టగొడుగులు వచ్చాయనుకుందాం, ఎండితే 600 గ్రాములు మిగులుతాయి. ఆ ఎండు పుట్టగొడుగుల్లో కిలోకు 5 మిల్లీగ్రాముల సీసం ఉందనుకుంటే ఒక పంట బయటికి తీసేది 3 మిల్లీగ్రాములు. 60 గ్రాములు తీయడానికి ఇరవై వేల పంటలు కావాలి.

కాడ్మియం సంగతి వేరు. కిలోకు 3 మిల్లీగ్రాముల చొప్పున అదే 200 కిలోల మట్టిలో ఉండేది 600 మిల్లీగ్రాములే. ఎండు పుట్టగొడుగుల్లో కిలోకు 20 మిల్లీగ్రాములు చేరితే ఒక పంటకు 12 మిల్లీగ్రాములు బయటికి వస్తాయి. సగం తగ్గించడానికే పాతిక పంటలు, అంటే ఏడాదికి మూడు చొప్పున ఎనిమిదేళ్లు పడుతుంది. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలు. మీ మొదటి పంటను పరీక్ష చేయించి అసలు అంకెలు వేసుకోండి. ఈ లెక్క చూశాక, సీసం ఉన్నవారు లాగే పద్ధతి జోలికి పోకుండా కట్టిపడేసే పద్ధతిని ఎంచుకోవాలి. కాడ్మియం ఉన్నవారికి రెండు దారులూ తెరిచే ఉంటాయి, కానీ ఒకే మడిలో రెండూ కుదరవు. లాగే పద్ధతిలో గడ్డిని కూడా తీసి బయటికి పంపాలి, కట్టిపడేసే పద్ధతిలో ఆ గడ్డినే మట్టిలో కలపాలి.

6. మూడు మడులు కట్టండి. స్థలమంతా ఒకేసారి చేయకుండా, ఒక్కో చదరపు మీటరు చొప్పున మూడు మడులు పక్కపక్కనే వేయండి. మొదటిది ఏమీ చేయకుండా వదిలేసేది, రెండోది విత్తనం లేకుండా గడ్డి మాత్రమే వేసేది, మూడోది గడ్డి, విత్తనం రెండూ వేసేది. గడ్డి కుళ్లినా లోహాలు కొంత పట్టుబడతాయి కనుక, రెండో మడి లేకపోతే ఫలితం పుట్టగొడుగులదో గడ్డిదో తేలదు. చుట్టూ 20 సెంటీమీటర్ల గట్టు పోసి వాన నీరు బయటికి పారకుండా చూడండి. బావికి, బోరుకు ఆనుకుని మడులు కట్టవద్దు. పైన షేడ్‌నెట్, పక్కల కంచె తప్పనిసరి. ముత్యపు చిప్ప పుట్టగొడుగులు గుత్తులుగా విచ్చుకుంటే చూసినవారెవరైనా కోసుకుపోతారు, కనుక తినరాదని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టండి. కోళ్లు, మేకలు లోపలికి రాకుండా కంచె దట్టంగా ఉండాలి.

7. కాలాన్ని బట్టి రకాన్ని ఎంచుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఆరుబయట ముత్యపు చిప్ప రకం బాగా వస్తుంది, దానికి 20 నుంచి 30 డిగ్రీలు కావాలి. వేసవిలో పాల పుట్టగొడుగు, వేడి, తేమ రెండూ ఉన్నప్పుడు వరిగడ్డి పుట్టగొడుగు వేసుకోవచ్చు. మొదటిసారి చేసేవారికి ముత్యపు చిప్పే మేలు, ఎందుకంటే పరిశుభ్రత కొద్దిగా తప్పినా అది తట్టుకుంటుంది. విత్తనం నెలలోపు తయారైనదై, తెల్లగా అల్లుకుని, పుల్లటి వాసన లేకుండా ఉండాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల పుట్టగొడుగుల విభాగాల్లో గాని, నమ్మకమైన పెంపకందారుల దగ్గర గాని తీసుకోండి. కాలుష్యం ఉన్న మట్టికే వాడుతున్నామని వారికి చెప్పడం మర్యాద. మిగిలిన విత్తనాన్ని తిరిగి ఇవ్వకండి.

8. గడ్డిని సిద్ధం చేయండి. వరిగడ్డిని 3 నుంచి 5 సెంటీమీటర్ల ముక్కలుగా నరికి, ఆరు నుంచి ఎనిమిది గంటలు నీటిలో నానబెట్టి, 80 డిగ్రీల వేడినీటిలో గంటసేపు ఉంచి, వాలుగా ఉన్న చోట ఆరబెట్టాలి. పిడికిట్లో పట్టి గట్టిగా నొక్కితే చేయి తడి కావాలి గాని చుక్క కారకూడదు. ఆ పదును దాటి తడి ఉంటే కుళ్లు వాసన వస్తుంది, తక్కువైతే విత్తనం నుంచి పాకే తెల్లటి శిలీంధ్రపు దారాలు పాకవు. వేడినీటి వసతి లేనివారు లీటరుకు 2 గ్రాముల పొడి సున్నం కలిపిన నీటిలో రాత్రంతా నానబెట్టవచ్చు, కానీ ఆ సున్నపు నీటిని మడిలో పారబోస్తే మట్టి పీహెచ్ మారిపోయి మూడు మడుల పోలిక చెడిపోతుంది. గడ్డి ఎక్కడిదో కూడా అడగండి. మురుగునీటి కింద పండిన వరిగడ్డిలోనే కాడ్మియం ఉండవచ్చు, కనుక దానిలో ఒక గుప్పెడు ప్రయోగశాలకు పంపితే ఆ అనుమానం తీరుతుంది.

9. పొరలుగా వేయండి. మాస్కు, చేతొడుగులు వేసుకుని, దుమ్ము లేవకుండా ముందు నీళ్లు చల్లి, మడి పైమట్టిని 5 సెంటీమీటర్లు గుల్ల చేయండి. లాగే పద్ధతి ఎంచుకున్నవారు ఇక్కడ నైలాన్ వల పరచాలి. దారాలు వల కన్నాల గుండా మట్టిలోకి దిగుతాయి, పంట అయ్యాక వలను నాలుగు మూలలా పట్టుకుని ఎత్తితే గడ్డి మొత్తం చాపలా లేచి వస్తుంది. కట్టిపడేసే పద్ధతికి వల అక్కరలేదు. గడ్డిని మూడు పొరలుగా పరిచి, ప్రతి పొర మీదా విత్తనాన్ని చేత్తో విడదీసి చల్లండి. అన్నిటికంటే అడుగున, మట్టికి తగిలే చోట, విత్తనం ఎక్కువ పడాలి. పైన తడి గోనె సంచులు కప్పండి. రెండో మడికీ ఇదే గడ్డి, ఇంతే మందంలో, విత్తనం లేకుండా వేయండి.

10. రోజుకు రెండుసార్లు గోనె తడిసేంతగా మాత్రమే నీళ్లు చల్లండి. ధారగా పోస్తే లోహాలు కిందికి దిగిపోతాయి. అప్పుడు పైమట్టి పరీక్షలో తగ్గుదల కనిపిస్తుంది, భూగర్భ జలానికి మాత్రం ముప్పు పెరుగుతుంది. పదిహేను నుంచి ఇరవై ఐదు రోజుల్లో గడ్డి తెల్లబడుతుంది. గోనె ఎత్తి చూసినప్పుడు గడ్డి పోచలు ఒకదానికొకటి అతుక్కుని, పుట్టగొడుగు వాసన వస్తే సరిగా ఉన్నట్టు. పచ్చటి బూజు కనిపిస్తే ఆ భాగాన్ని అరచేతి మందం అదనంగా కలిపి తీసి డ్రమ్ములో వేయండి. సగానికి పైగా పచ్చబడితే మడి మళ్లీ వేసుకోవలసిందే.

11. కోయండి, తూచండి, ఎండబెట్టండి. గొడుగు అంచులు పైకి ముడుచుకోకముందే మొత్తం కోసేయాలి. ఆలస్యమైతే బీజాలు పొడిలా రాలి దగ్గు, ఆయాసం తెస్తాయి, పురుగులు చేరి లోహాన్ని బయటికి మోసుకుపోతాయి. ప్రతి కోతను తూచి, తేదీతో రాసుకుని, టార్పాలిన్ మీద ఎండబెట్టి, మళ్లీ తూచి, సంచిలో కట్టి డ్రమ్ములో వేయండి. అందులోంచి 50 గ్రాముల ఎండు ముక్కలు పరీక్షకు పంపండి.

12. వ్యర్థాన్ని భద్రపరచండి. పుట్టగొడుగులను ఏ పరిస్థితిలోనూ తినకూడదు, అమ్మకూడదు, పశువులకు వేయకూడదు. ఉడికించి నీళ్లు వంపేస్తే లోహం పోతుందన్న మాట నమ్మవద్దు. కంపోస్టు కుప్పలో వేస్తే ఒక గదిలోని చెత్తను పక్క గదిలోకి ఊడ్చినట్టే. తగలబెడితే పాదరసం, కాడ్మియం, ఆర్సెనిక్ పొగలోకి చేరతాయి. ఇంటి చెత్త బండికీ ఇవ్వకండి. లాగే పద్ధతిలో వచ్చిన పుట్టగొడుగులు, వలతో ఎత్తిన గడ్డి రెండూ ఇదే లెక్కలోకి వస్తాయి. ప్రమాదకర వ్యర్థాలను 2016 నాటి నిబంధనల ప్రకారం ప్రత్యేక కేంద్రాలకే పంపాలి. తెలంగాణలో దుండిగల్ దగ్గర, ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ సమీపంలోని పరవాడలో అటువంటి కేంద్రాలున్నాయి. మీ దగ్గరున్న పరిమాణాన్ని, పరీక్ష నివేదికను జతచేసి, ఎలా అప్పగించాలో కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగండి. సమాధానం వచ్చేవరకు డ్రమ్ము మీద లోహం పేరు, తేదీ రాసి, వాన తగలని, తాళం వేసే చోట ఉంచండి. ఈ ఏర్పాటు ముందే చేసుకోలేనివారు లాగే పద్ధతి మొదలుపెట్టకపోవడమే మంచిది.

13. కట్టిపడేసే పద్ధతిలో, రెండు మూడు కోతలు అయ్యాక గడ్డిని అక్కడే పైన 10 సెంటీమీటర్ల మట్టిలో కలపండి. కోసిన పుట్టగొడుగులు మాత్రం డ్రమ్ములోకే వెళ్లాలి. దారాల గోడల్లోని కైటిన్ అనే గట్టి పదార్థం, కుళ్లిన గడ్డిలోని సేంద్రియ పదార్థం సీసాన్ని, కాడ్మియాన్ని పట్టుకుంటాయి. అయితే శిలీంధ్రాలు ఆక్సాలిక్ ఆమ్లం విడుదల చేస్తాయి. ఆ ఆమ్లం సీసంతో కలిసి కరగని లవణంగా మారవచ్చు, మట్టి ఆమ్లగుణం పెరిగితే లోహాలను కరిగించనూ వచ్చు. అందుకే గడ్డి కలిపిన రెండు వారాలకు పీహెచ్ చూడాలి. 6.5 కంటే కిందికి దిగితే వ్యవసాయ సున్నం కొద్దికొద్దిగా కలుపుతూ 7 దగ్గరకు తీసుకురండి. మూడు మడులకూ ఒకే మోతాదు వేయడం మరవకండి. ఈ జాగ్రత్త ముఖ్యంగా ఎర్ర నేలలకు. నల్లరేగడిలో పీహెచ్ సాధారణంగా 7.5 పైనే ఉంటుంది, అక్కడ సున్నంతో పనిలేదు.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది పలుచబడటాన్ని శుద్ధి అనుకోవడం. 200 కిలోల మట్టిలో 20 కిలోల గడ్డి, ఎరువు కలిపితే కిలోకు ఇన్ని మిల్లీగ్రాములన్న అంకె దానంతట అదే తొమ్మిది శాతం తగ్గుతుంది. ఒక్క మిల్లీగ్రాము లోహం కూడా బయటికి పోలేదు. లోతుగా దున్ని అడుగు మట్టిని పైకి తెచ్చి కలిపినా ఇదే జరుగుతుంది. అందువల్ల ముందూ తరువాతా ఒకే లోతు నుంచి, ఒకే పద్ధతిలో నమూనా తీయాలి, ఏమి కలిపారో తూచి రాసుకోవాలి.

ప్లాస్టిక్ సంచుల్లో గడ్డి నింపి పెరట్లో వేలాడదీసి, మట్టి శుభ్రపడుతుందని ఎదురుచూసేవారూ ఉన్నారు. ముత్యపు చిప్ప కట్టె మీద, గడ్డి మీద బతికే శిలీంధ్రం. మట్టిని తాకనిదే దానిలోని లోహాన్ని తీసుకోలేదు. తాకినా పైపై కొన్ని సెంటీమీటర్లకే పరిమితమవుతుంది, వేళ్లలా అడుగు లోతుకు దిగదు.

కోళ్ల ఎరువును మంచిదని ధారాళంగా వేయడం మరో పొరపాటు. దాణా ద్వారా రాగి, జింకు అందులోకి చేరతాయి, పైగా అమ్మోనియా ఎక్కువై మడిలో నల్ల సిరా పుట్టగొడుగులు కమ్ముకుంటాయి. అవి మీరు వేసినవి కావు, పీకి డ్రమ్ములో వేయండి.

పనిచేసిన చేతులతో అన్నం తినడం, ఆ చెప్పులతో ఇంట్లోకి రావడం చిన్నవిగా కనిపిస్తాయి. మట్టిలోని సీసం ఒంట్లోకి చేరే ప్రధాన దారి కూరగాయలు కావు, దుమ్ము. పాకే పిల్లలున్న ఇంట్లో పుట్టగొడుగుల మడి కంటే ముందు చేయవలసింది, వట్టి నేల కనిపించకుండా గడ్డి పెంచడమో కంకర పరచడమో.

ఫలితం సరిచూసుకోవడం

గడ్డి కలిపి మూడు నెలలు గడిచాక, మూడు మడుల నుంచీ వేర్వేరుగా, మొదట తీసిన లోతు నుంచే నమూనాలు తీసి అదే ప్రయోగశాలకు పంపండి. ప్రయోగశాల మారితే అంకెలను పోల్చడం కష్టం. మొదట రెండు సంచుల్లో పంపిన మట్టికి వచ్చిన తేడాను గుర్తుపెట్టుకుని, దానికి మించిన మార్పునే మార్పుగా లెక్కించండి. కట్టిపడేసే పద్ధతిలో మూడో మడిలో డీటీపీఏ విలువ మొదటి, రెండో మడుల కంటే స్పష్టంగా తక్కువ ఉండాలి. రెండో మడి, మూడో మడి ఒకేలా ఉంటే విత్తనం ఖర్చు వృథా అని అర్థం. వచ్చే ఏడాది ఉత్త గడ్డి, పశువుల ఎరువుతో సరిపెట్టుకోండి, లేదా పుట్టగొడుగుల పెంపకందారులు పారబోసే వాడిన గడ్డిని పరీక్ష చేయించి తెచ్చి కలపండి. అది చవకగా దొరుకుతుంది, పని కూడా సగం తగ్గుతుంది. లాగే పద్ధతిలో మట్టి పరీక్షను నమ్ముకోవద్దు. ఒక పంటకు వచ్చే మార్పు ప్రయోగశాల పొరపాటు హద్దులోపే ఉంటుంది. ఎండు పుట్టగొడుగుల తూకాన్ని, ఎత్తిన గడ్డి తూకాన్ని వాటిలోని లోహపు అంకెలతో గుణించి, గడ్డితో పాటు మొదటే వచ్చిన లోహాన్ని తీసేసి, బయటికి పోయిన మిల్లీగ్రాములను ఏటా ఒక పుస్తకంలో కూడుకుంటూ వెళ్లండి.

మట్టి అంకెల కంటే నాకు ఎక్కువ నమ్మకం ఆకు పరీక్ష మీదే. మూడు మడుల్లోనూ ఒకే రోజున పాలకూర చల్లి, ఒకే నీరు పెట్టి, నలభై రోజులకు కోసి పంపండి. పాలకూర కాడ్మియాన్ని బాగా తీసుకునే ఆకు కనుక అది నెగ్గిన మట్టిలో మిగతా కూరగాయలకు కాడ్మియం భయం పెద్దగా ఉండదు. ఆకులను మూడు నీళ్లలో కడిగాకే పంపాలి, అంటుకున్న మట్టి రేణువుల్లోని సీసం ఆకులోని సీసంగా లెక్కకు రాకుండా ఉంటుంది. కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) ప్రమాణాల ప్రకారం ఆకుకూరల్లో పచ్చి బరువు మీద కిలోకు సీసం 0.3, కాడ్మియం 0.2 మిల్లీగ్రాములకు మించకూడదు. ప్రయోగశాల ఎండు బరువు మీద ఇచ్చిన అంకెను దీనితో నేరుగా పోల్చకండి. పాలకూరలో నూటికి తొంభై పాళ్లు నీరే కనుక సుమారు పదితో భాగించి చూడాలి.

ఆకు ఒకసారి నెగ్గినంత మాత్రాన పని అయిపోలేదు. కలిపిన గడ్డి కుళ్లి హరించుకుపోయేకొద్దీ అది పట్టుకున్న లోహం మళ్లీ విడుదలవుతుంది. ఏటా కొత్త గడ్డి కలపాలి, పీహెచ్ చూడాలి, ఏడాదికి ఒకసారైనా ఆకు పరీక్ష చేయించాలి. వరసగా రెండు పంటలు హద్దులో ఉంటే ముందుగా టమాటా, వంకాయ, బెండ వంటివి వేసుకోండి, ఎందుకంటే కాయల్లోకి సీసం చేరడం తక్కువ. ముల్లంగి, క్యారెట్, ఆకుకూరలను ఆఖరున చూసుకోవచ్చు. రెండేళ్ల తరువాత కూడా ఆకు హద్దు దాటుతూనే ఉంటే ఆ స్థలంలో బంతి, చేమంతి వేసుకుని, కూరగాయలకు దట్టమైన జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, దాని మీద కనీసం 30 సెంటీమీటర్ల ఎత్తున, పరీక్ష చేయించిన మట్టితో ఎత్తు మడి కట్టుకోండి. ఆ గుడ్డ కిందికి గడ్డపార దిగకూడదని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.